ఎనభై మూడు దాటిన పేర్లు

ఉదయశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన చేతి పొరపాటు వల్ల ఎవరో ఒక పిల్లకు ఏదో అయిపోతుందని, అయిన సంగతి తనకు తెలియను కూడా తెలియదని. దగ్గుమందు మూతలో గీతదాకా పోసి, కిటికీ దగ్గరికి పోయి వెలుగులో చూసి, కంటి ఎత్తుకు తెచ్చుకుని మళ్ళీ చూసి, అప్పుడు గానీ మూడేళ్ళ కూతురు అనూహ్య నోట్లో పోసేది కాదు.

"మందు పోస్తున్నవా, బంగారం తూస్తున్నవా?" అనేది అత్త నర్సింహమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ. "నువ్వు పోసేలోపల దగ్గు దానంతట అదే తగ్గేటట్టున్నది."

"గీత దాటితే నిద్ర పట్టేస్తదంట అత్తమ్మా."

"పట్టనీ. నాకు జర కాళ్ళు చాపుకునే టైము దొరుకుతది."

ఉదయశ్రీ నవ్వేది, నవ్వుతూనే మూత ఇంకోసారి చూసేది. అశోక్‌నగర్ గల్లీ చివరిదాకా నడిచి, గ్యాస్ కట్టేశానా లేదా అని వెనక్కి తిరిగొచ్చిన పొద్దులు ఎన్నో. 1999 ఆగస్టులో ఆ సోమవారం కూడా అట్లాగే తిరిగొచ్చి, మళ్ళీ బయల్దేరి, చిక్కడపల్లి లైబ్రరీ పక్క సందులో జిరాక్సు షాపు మీద ఉన్న డేటా సెంటరు మెట్లెక్కేసరికి పది దాటింది.

మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక్కటే ఫోను లైను. ఆ లైనే వెనక వాటాలో యజమాని ఇంట్లోనూ మోగుతుంది. ఇంటర్నెట్టు నడుస్తుండగా లోపల ఎవరైనా రిసీవరు ఎత్తారా, ఇక్కడ తెగిపోతుంది. "ఫోను ఎత్తకండి" అని తలుపు మీద కాగితం అంటించి ఉంది. యజమాని భార్య ఆ కాగితాన్ని ఒక్కనాడూ లెక్క చేయలేదు.

యజమాని కాశీవిశ్వనాథం గారు హెడ్ క్లర్కుగా రిటైరయినాయన. గోదావరి వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా మాట మారలేదు. ఆఫీసులో అలవాటైన పద్ధతిని కంప్యూటర్లకూ తెచ్చిపెట్టాడు. పంపిన ప్రతి ఫారానికీ తెర మీద "థాంక్యూ" అని వస్తుంది. ఆ పేజీని ప్రింటు తీయించి, మూల మీద ఎన్ని పేర్లో ఎర్ర సిరాతో రాసి, ట్యాగు గుచ్చి ఫైల్లో పెడతాడు.

"రసీదు చేతికొచ్చాక పని పూర్తయినట్టే. ఆ తర్వాత మనకి సంబంధం లేదు," అనేవాడు.

అప్పుడు నడుస్తున్నది ఢిల్లీ ట్రస్టు ఒకదాని పని. కూలివాళ్ళ బస్తీల్లో ప్రతి ఇంటి పేరూ కాగితం మీద రాయించి, ఇంటర్నెట్టులో ట్రస్టు వాళ్ళ ఫారంలో నింపి పంపాలి. వచ్చే నెల పెద్ద డాక్టర్లు వచ్చి, జాబితాలో ఉన్న ఇళ్ళ పిల్లలకు గుండె పరీక్ష చేస్తారు, అవసరమైతే ఉచితంగా ఆపరేషను చేయిస్తారు. జాబితాలో లేని ఇంటి పిల్లను చూడరు. శనివారం సాయంత్రం ఐదింటికి ఆ పేజీ మూతపడుతుంది.

సోమవారం ఉదయశ్రీ చేతికొచ్చింది మురుగుకాలువ ఒడ్డున ఉన్న నాలా బస్తీ జాబితా. మేస్త్రీ తిమ్మప్ప రాయించింది. నూట పద్దెనిమిది ఇళ్ళు. మొదటి పేరు తిమ్మప్పదే, తర్వాత అతని బావమరుదులు, ఆ తర్వాత అతని ఊరివాళ్ళు, ఎన్నేళ్ళుగా అతని కింద పని చేస్తున్నారో ఆ వరసలో. అట్టడుగున, మొన్న ఉగాది తర్వాత పాలమూరు నుంచి వచ్చి నాలా అంచున ప్లాస్టిక్ కవర్లు కట్టుకున్నవాళ్ళు. ఫారం ఒకటే పొడుగాటి పేజీ. నూట ఇరవై వరసలు, వరసకు పన్నెండు గడులు: పేరు, వయసు, రేషన్ కార్డు, పిల్లలు, వాళ్ళ జబ్బులు. పేజీ తెరుచుకోవడానికే పది నిమిషాలు. ఉదయశ్రీ చదువు తొమ్మిదితో ఆగిపోయినా, నారాయణగూడలో టైపు లోయర్ పాసైన చేతులు ఆమెవి. కీలు చూడకుండా, కళ్ళు కాగితం మీదే పెట్టి కొట్టుకుంటూ పోయింది. నాలుగింటికి బటను నొక్కింది. థాంక్యూ వచ్చింది. విశ్వనాథం గారు మూల మీద 118 అని రాసి ఫైల్లో పెట్టాడు.

మంగళవారం పొద్దున మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. తలుపు దగ్గర ఒక పెద్దామె నిలబడింది. చంకలో పిల్ల. ఐదేళ్ళని తర్వాత చెప్పింది గానీ చూడటానికి అనూహ్యంత కూడా లేదు. పిల్ల పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"బిడ్డా, నేను నాలా కాడి కురుమమ్మను. ఇది నా మనుమరాలు సరిత. తల్లి కూలికని అడ్డా మీదికి పోయింది, నేను తోల్కొచ్చిన. మా పేరు ఎక్కిందో లేదో జర సూపిస్తవా?"

"ఎక్కింది పెద్దమ్మా. నిన్ననే పంపిన."

"నువ్వు అన్నవు, నేను ఇన్న. ఒకసారి కండ్లతోటి సూస్త. సదువు రాకపోతేంది, పేరు ఏడున్నదో నువ్వు యేలు పెట్టి సూపియ్యి."

పక్క సీట్లో బుచ్చిబాబు నవ్వాడు. కంప్యూటర్లు బాగుచేసేది, లైను కలిపేది అతనే. "చూపించక్కా. నీ అంత అనుమానం మనిషి ఇంకొకామె దొరికింది."

పంపిన జాబితా చూసుకునే పేజీ ఒకటి ఉంది. ఉదయశ్రీ తెరిచింది. పిల్ల ఊపిరి తీసే చప్పుడు చెవి దగ్గరే వినబడుతోంది. పేర్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. తిమ్మప్ప, అతని బావమరుదులు, ఊరివాళ్ళు. ఎనభై మూడో వరసలో గోనెల యాదయ్య. దాని కింద గీత. గీత కింద ఏమీ లేదు.

మళ్ళీ పైనుంచి చూసింది. మళ్ళీ ఎనభై మూడు. కురుమమ్మ కోడలి పేరు నూట పదిహేడు.

"ఏడున్నది బిడ్డా?"

"ఇంకా ఎక్కుతున్నయి," అంది ఉదయశ్రీ. "రేపు రా పెద్దమ్మా."

కురుమమ్మ తెర వంకా ఆమె ముఖం వంకా చూసింది. పిల్లను రెండో చంకకు మార్చుకుని మెట్లు దిగింది.

ముప్పై ఐదు ఇళ్ళు. తను కొట్టలేదా? అనూహ్య దగ్గు గుర్తొచ్చి మధ్యలో ఆపేసిందా? కాగితం తీసి చూసింది. ప్రతి పేరు పక్కనా తన పెన్సిలు టిక్కు ఉంది. టిక్కు పెట్టి కొట్టడం మర్చిపోయిందేమో! టిఫిను డబ్బా తెరవకుండానే మొత్తం నూట పద్దెనిమిదీ మళ్ళీ కొట్టింది. ఈసారి కొట్టిన ప్రతి వరసా బుచ్చిబాబుతో పైకి చదివించింది. పంపింది. థాంక్యూ. జాబితా తెరిచింది. ఎనభై మూడు.

తన తప్పు కాదు. ఆ మాట తట్టగానే వీపు మీది బరువేదో దిగినట్టయింది. వెంటనే ఆ పిల్ల పెదాలు గుర్తొచ్చి, అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గేసింది.

విశ్వనాథం గారు ఫైలు తెరిచి చూపించాడు. "నూట పద్దెనిమిది పంపాం. అందింది అన్నారు. ఇదిగో కాగితం."

"అందింది ఎనభై మూడే సార్."

"మిషను లెక్క తప్పదమ్మా, మనిషి తప్పుతాడు. వాళ్ళకి ఏదో పద్ధతి ఉండి ఉంటుంది. చివరివి తర్వాత కలుపుతారేమో."

"కలుపుతమని ఎక్కడా రాసి లేదు సార్."

"ఇంగ్లీషులో ఉంటే నీకెలా తెలుస్తుంది?" అన్నాడాయన. చెడ్డగా అనలేదు, ఫైలు మూసుకుంటూ మామూలుగా అన్నాడు. ఉదయశ్రీ వచ్చి కుర్చీలో కూర్చుంది. చెవులు వేడెక్కాయి.

తిమ్మప్ప బుధవారం ఇంకో బస్తీ కాగితాలు ఇవ్వడానికి వచ్చాడు. తెల్ల బనీను మీద తెల్ల చొక్కా, జేబులో కొలత టేపు. సంగతి విని తల గోక్కున్నాడు.

"సివరోళ్ళేనా? ఉగాది తర్వాత వొచ్చినోళ్ళు మేడం. ఇయ్యాల ఈడుంటరు, రేపు ఏడుంటరో. మావోళ్ళయి ఎక్కినయి గద, చాలు."

"వాళ్ళల్ల గుండె జబ్బు పిల్ల ఉన్నది అన్నా."

"కురుమమ్మ మనుమరాలా? తెల్సు. ఏం జేద్దాం మరి. మిషను తీసుకోకపోతే నేను పోయి గుద్దుతనా?"

విశ్వనాథం గారు తల ఊపాడు. ఇద్దరూ టీ తాగారు. ఇరానీ హోటలు టీలో ఇప్పుడు పాలు తగ్గిపోయాయని మాట్లాడుకున్నారు. ఉదయశ్రీ వాళ్ళకు వీపు పెట్టి జాబితా కాగితం వైపే చూస్తూ కూర్చుంది. తిమ్మప్ప దిగిపోయాక ఆ కాగితాన్ని తలకిందులుగా తిప్పింది.

కింది నుంచి పైకి కొట్టడం మొదలుపెట్టింది. ఒకటో వరసలో నూట పద్దెనిమిదో పేరు. రెండో వరసలో కురుమమ్మ కోడలు. ఆఖరి వరసలో తిమ్మప్ప. బటను నొక్కి, చూసింది. ఎనభై మూడు పేర్లు, కింద గీత. నాలా అంచువాళ్ళంతా ఉన్నారు. తిమ్మప్ప లేడు. బావమరుదులు లేరు.

"పేర్లతో పని లేదు, వరసలతోనే," అంది మెల్లగా.

బుచ్చిబాబు కుర్చీ ఈడ్చుకుని వచ్చాడు. "అక్కా, మార్చేసెయ్. తిమ్మప్ప చూసిండంటే ఈ మెట్ల మీదనే మనల్ని కోళ్ళను కోసినట్టు కోస్తడు."

"మారుస్త. రేపు మారుస్త." చేతులు మాత్రం కీల మీదికి పోలేదు. సంచీ సర్దుకుని ఇంటికి పోయింది.

గురువారం తిమ్మప్ప మళ్ళీ వచ్చాడు. ఊరి నుంచి వచ్చిన మామను కూడా తెచ్చాడు. తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి కుర్చీలో కూర్చోనన్నాడు, గోడకానుకుని నిలబడ్డాడు.

"మేడం, కంప్యూటర్ల నా పేరు ఫస్టు ఉన్నదని చెప్పిన. జర మా మామకు సూపియ్యి."

ఉదయశ్రీ తెరిచింది. తిమ్మప్పకు చదవడం వచ్చు. పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ వచ్చి, గీత దగ్గర ఆగాడు.

"నా పేరేది?"

"ఎక్కలేదన్నా. మిషను తీసుకోలే."

"నా పేరు తీసుకోకపోవుడేంది! బస్తీ నాది. జాబితా నాది. ఎవని పేర్లు ఇవి, మొన్నొచ్చినోళ్ళయి!" మామ వైపు చూసి గొంతు తగ్గించాడు. "సార్, ఏంది సార్ ఇది?"

విశ్వనాథం గారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. జరిగింది చెప్పడానికి ఉదయశ్రీకి రెండు నిమిషాలు పట్టింది. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకునే ఉంది. ఈ ఉద్యోగం పోతే అనూహ్యను భర్త బాలకిషన్ ఒక్కడి జీతంతో బడిలో వేయలేరు. ఆ సంగతి గదిలో తనొక్కదానికే తెలుసు.

"ముందున్నట్టు పెట్టేయమ్మా," అన్నాడు విశ్వనాథం గారు.

"పెడత సార్. పెడితే ముప్పై ఐదు ఇండ్లు పోతయి." జాబితా కాగితం ఆయన ముందుకు జరిపింది. ఆయన ఎర్ర పెన్ను తీసి దాని మీద పెట్టింది. "ఏవి పోవాలో మీరే గీత కొట్టండి. కొట్టి పక్కన సంతకం పెట్టండి. నేను అట్లనే పంపుత."

ఆయన పెన్ను తీసుకున్నాడు. మూత విప్పాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్ని పేర్లు కొట్టేశాడో, ఎన్ని సంతకాలు పెట్టాడో. కాగితం అడుగుదాకా చూసి, నూట పదిహేడో పేరు ఎదురుగా "గుండెలో రంధ్రం, ఆడపిల్ల, 5" అన్న చోట ఆగిపోయాడు. పెన్ను తిమ్మప్ప వైపు చాచాడు.

"మీ బస్తీ కదా, మీరు కొట్టండి."

తిమ్మప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గోడ దగ్గర మామ మొదటిసారి నోరు విప్పాడు. "గా పని మనకొద్దు తిమ్మప్పా."

విశ్వనాథం గారు మూత బిగించాడు. వెనక వాటాలో ఉన్న భార్యకు వినబడేట్టు గట్టిగా అన్నాడు: "శనివారం సాయంత్రం దాకా ఫోను ముట్టుకోకు. మీ చెల్లెలికి నేనే వెళ్ళి చెప్పొస్తాను." ఉదయశ్రీ వైపు తిరిగి, "ఏం చేస్తారో చెయ్యండి," అని లోపలికి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఉదయశ్రీ ఒక పని చేసింది. వరసకు పేరు ఒక్కటే కొట్టి, మిగతా పదకొండు గడులూ ఖాళీగా వదిలి పంపింది. వచ్చినవి ఎనభై మూడే. అంటే ఖాళీ గడి కూడా లెక్కకొస్తోంది. బుచ్చిబాబు కాగితం మీద గుణించాడు. ఎనభై మూడు పన్నెండ్లు తొమ్మిదొందల తొంభై ఆరు. పేజీ నెత్తిన బస్తీ నంబరుకు, తేదీకి, మేస్త్రీ పేరుకు, వార్డుకు నాలుగు గడులు.

"వెయ్యి!" అన్నాడు. "అక్కా, అక్కడి మిషను ఒక దెబ్బకు వెయ్యి గడులే తీసుకుంటది. వెయ్యి నిండినంక తలుపు మూసుకొని, లోపల్నుంచి థాంక్యూ అంటది."

"మరి నిండినయని చెప్పొచ్చు గద."

"చెప్పే తెలివి పెట్టలే దానికి."

ముందు పాత వరసలో మొదటి ఎనభై మూడూ ఎక్కించింది. శుక్రవారం కొత్త పేజీ తెరిచి, పై ఎనభై మూడు వరసలు ఖాళీగా వదిలి, ఎనభై నాలుగు నుంచి మిగతా ముప్పై ఐదు కొట్టింది. రెండు దఫాలుగా పంపితే సరిపోతుందనుకుంది. నొక్కింది. థాంక్యూ. జాబితా తెరిచింది.

ఒక్క పేరు లేదు. నెత్తిన బస్తీ నంబరు, కింద గీత, మధ్యలో ఏమీ లేదు.

బుచ్చిబాబు మెల్లగా అన్నాడు: "ఖాళీ గడులు పోయి నిండినవాటి మీద కూర్చున్నయి. మనం కొట్టినయేమో వెయ్యి దాటి బయటనే ఆగిపోయినయి."

నాలుగున్నర. అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరిచి అరిచి ఆగిపోయింది. మూడు తెరలూ నల్లబడ్డాయి. నిన్నటిదాకా ముప్పై ఐదు ఇళ్ళు లేవు, ఇప్పుడు నూట పద్దెనిమిదీ లేవు, అదీ తన చేత్తోనే. వాన మొదలైంది. ఆరు దాకా చూసినా కరెంటు రాలేదు.

ఇంటికి పోతే అనూహ్య ఒళ్ళు కాలిపోతోంది. నారాయణగూడలో బట్టల దుకాణం నుంచి బాలకిషన్ తొందరగా వచ్చి, పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చున్నాడు.

"డాక్టరు మామూలు జరమే అన్నడు. రేపు నువ్వు పోకు," అన్నాడు. "నువ్వు పోయి పోయి ఏం ఉద్ధరించేది ఉన్నది? నీకు లెక్కపెట్టే రోగం. ఒకసారి కాదు, నాలుగుసార్లు."

"నేను పోకపోతే ఒక్క పేరు కూడా ఉండదు."

"సెంటరు వాళ్ళు చూసుకుంటరు."

"సెంటరంటే నేనే," అంది. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. పిల్లకు మందు మూతలో పోసి వెలుగుకు ఎత్తింది. బాలకిషన్ లేచి లైటు కింద నిలబడి, తనూ గీత చూశాడు. "సరిగ్గనే ఉన్నది," అన్నాడు.

శనివారం జ్వరం తగ్గింది గానీ పిల్ల చంక దిగలేదు. ఉదయశ్రీ ఎత్తుకునే తీసుకుపోయింది. సెంటరు మెట్ల మీద కురుమమ్మ, ఒళ్ళో సరిత. ఎవరు చెప్పారో, ఎప్పుడొచ్చి కూర్చుందో.

"నీ బిడ్డెనా? ఇటియ్యి. నువ్వు పని జూసుకో."

ఉదయశ్రీ ఒక్క క్షణం ఆగింది. అనూహ్యను అత్త తప్ప ఇంకెవరి చేతికీ ఇచ్చి ఎరగదు. సీసా, చెంచా, తడిగుడ్డ, ఎన్నింటికి మందు పోయాలో అన్నీ చెప్పి, చెప్పినవే ఇంకోసారి చెప్పింది.

"నలుగురిని సాకిన తల్లీ," అంది కురుమమ్మ. "పో."

మొదటి ఎనభై మూడు మళ్ళీ కొట్టడానికి ఒంటిగంట దాటింది. పంపింది. ఎక్కాయి. మిగతావి ఎట్లా? పన్నెండు గడులు తగ్గించడానికి లేదు, బస్తీ నంబరు మార్చడానికి లేదు. ఒక బస్తీకి ఒకటే నంబరు.

ఉదయశ్రీ తెర వంక చూస్తూ అంది: "ఖాళీ గడులు పోబట్టే గదా తుడిచేసింది. ఆ గడులే లేకపోతే?"

"అంటే?"

"ఫారం ఎనభై నాలుగు నుంచే మొదలైతే? పైన ఉన్న గడులు మనమే కత్తిరించేస్తే?"

ప్రతి పేజీ వెనకా దాని రాత ఉంటుంది: ఏ గడి ఎక్కడ ఉండాలో, బటను నొక్కితే ఎక్కడికి పోవాలో. బుచ్చిబాబు ఆ పేజీని తమ కంప్యూటర్లోకి దించి, నోట్‌ప్యాడులో తెరిచాడు. గజిబిజి ఇంగ్లీషు, అడ్డదిడ్డమైన గుర్తులు. ఉదయశ్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ప్రతి గడి పక్కనా దాని వరస నంబరు ఉంది, అది చదవగలదు.

"ఇగో, ఇక్కడ ఒకటో వరస మొదలు. పన్నెండు లైన్లకు ఒక వరస. ఎనభై మూడు దాకా తీసెయ్యాలె," అంది ఉదయశ్రీ.

"ఒకేసారి ఎంచుకొని నొక్కితే అయిపోతది గదా అక్కా."

"ఒక్క లైను ఎక్కువ పోతే?"

ఆమే కూర్చుని తీసింది. పది వరసలకొకసారి ఆగి, నంబరు పైకి చదివింది, బుచ్చిబాబు అవునన్నాక ముందుకు పోయింది. బటను నొక్కితే పోవాల్సిన చిరునామా మొత్తం ఉందో లేదో అతను చూసుకుని, పేజీ మళ్ళీ తెరిచాడు. నెత్తిన నాలుగు గడులు. వాటి కింద, ఒకటి కాదు, ఎనభై నాలుగు.

మూడుంబావు. బుచ్చిబాబు కొట్టమన్నాడు. ఆమె కొట్టలేదు.

"ఇది కూడా తుడిచేస్తే మళ్ళ ఎనభై మూడు కొట్టే టైము లేదు."

"మరేం చేద్దామంటవు? కూర్చొని చూద్దామా?"

కాగితంలో ఒకటే పేరు తీసుకుంది. నూట పదిహేడు. తక్కిన వరసలన్నీ కూడా కత్తిరించేసి, ఆ ఒక్క వరసే ఉన్న ఫారం ఇంకొకటి చేయించింది. తుడిచిపెట్టుకుపోతే పోయేది అందరిదీ అని తెలుసు. అయినా ఏదో ఒక పేరుతో చూడాలి. పన్నెండు గడులు నింపింది. విశ్వనాథం గారు వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె బటను నొక్కి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

థాంక్యూ వచ్చింది. ఎవరూ దాని వంక చూడలేదు. జాబితా దిగడం మొదలైంది. తిమ్మప్ప. బావమరుదులు. ఎనభై ఒకటి, ఎనభై రెండు, గోనెల యాదయ్య. దాని కింద ఇంకొక వరస.

"కురుమమ్మా!" అని బుచ్చిబాబు మెట్ల వైపు అరిచాడు.

ఆమె ఇద్దరు పిల్లల్నీ ఎత్తుకుని వచ్చింది. ఉదయశ్రీ తెర మీద వేలు పెట్టి చూపించింది. కురుమమ్మ వంగి, ఆ అక్షరాలను కాకుండా ఆ వేలినే చూసింది. చాలాసేపు చూసింది. సరితను ముందుకు తెచ్చి, "ఇగో, ఇది నువ్వే," అంది.

నూట పదిహేడు ఖాళీగా పోతే తుడిచేస్తుందని దాన్నీ మళ్ళీ కొట్టింది; మిగతా ముప్పై నాలుగు పేర్లూ నాలుగు యాభైకి పూర్తయ్యాయి. ఉదయశ్రీ పైనుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి చూసింది. నూట పద్దెనిమిది. బుచ్చిబాబు కింద హోటలు నుంచి సమోసాలు తెప్పించాడు. అనూహ్య చంక దిగి, సరిత పక్కన నేల మీద కూర్చుని సమోసా పెంకు తుంచి పెట్టింది. ఐదు కొట్టింది. ట్రస్టు పేజీ మూతపడింది.

విశ్వనాథం గారు ఈసారి థాంక్యూ పేజీ కాకుండా జాబితా మొత్తం ప్రింటు తీయించాడు. దాన్ని గుచ్చడానికి ఫైలు తెరిచాడు. ట్యాగు విప్పుతుంటే పాత రసీదులు విసనకర్రలా విచ్చుకున్నాయి. మూల మూలన ఆయన ఎర్ర సిరా అంకెలు. 46. 60. 38. 52.

91.

ఉదయశ్రీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "సార్, అది ఏ బస్తీ?"

విద్యానగర్ రైలు పట్టాల పక్కది. మూడు వారాల కింద పంపింది. కొట్టింది ఉదయశ్రీయే. థాంక్యూ వచ్చింది, కాగితం ఆ మేస్త్రీకి తిరిగిచ్చేశారు. ఐదు రోజులుగా ఎనభై మూడు, ఎనభై మూడు అనుకుంటూ తిరిగిందే గానీ, అంతకుముందు పంపినవి ఒకసారి చూద్దామన్న ఆలోచన రాలేదు. ఆ ఆలోచన నిన్న వచ్చినా సరిపోయేది. ఈ పొద్దున వచ్చినా సరిపోయేది.

"ఎనిమిది ఇండ్లు," అన్నాడు బుచ్చిబాబు.

ఎనిమిదిలో ఆమెకు ఒక్కటే గుర్తుంది. ఎనభై ఎనిమిదో పేరు, దాసయ్య, సెంట్రింగు పని. ఒక్కతే కూతురు, మూడేళ్ళ రెండు నెలలు. సరిగ్గా అనూహ్య వయసే కాబట్టి గుర్తుండిపోయింది. జబ్బు గడిలో రాసింది కూడా: "ఏడిస్తే నీలబడుతది."

విశ్వనాథం గారు సోమవారం దాకా ఆగలేదు. నారాయణగూడలో ఉండే ట్రస్టు మనిషికి ఆ సాయంత్రమే ఫోను చేశాడు. పేజీ మళ్ళీ తెరవడం తన చేతిలో లేదన్నాడతను. కానీ సెంటరు వాళ్ళు ఉత్తరం ఇస్తే, ఆ పిల్లల్ని తీసుకొస్తే, వచ్చే నెల క్యాంపులో ఎట్లాగైనా చూపిస్తానన్నాడు. విశ్వనాథం గారు ఇంటికొకటి చొప్పున ఎనిమిది ఉత్తరాలు సొంత దస్తూరీతో రాశాడు. "పేర్లు తప్పిపోయినది మా సెంటరులో, వారి దోషం లేదు" అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేశాడు.

ఆదివారం బాలకిషన్ స్కూటరు మీద అనూహ్యతో సహా ముగ్గురూ విద్యానగర్ పోయారు. పట్టాల పక్క బస్తీలో ఏడు ఇళ్ళు దొరికాయి. ఆ మేస్త్రీ దగ్గరున్న కాగితంతో పేర్లు సరిచూసుకుని, ఉదయశ్రీ ఏడు ఉత్తరాలు వాళ్ళ చేతికిచ్చింది. ఎనిమిదో గుడిసె ఉండాల్సిన చోట తడి నేల, మడిచి పెట్టిన తాటాకు చాప ఒకటి. పనైపోయింది, వేరే బిల్డింగు దొరికిందని పోయారు, ఏ వైపో తెలియదు, కుషాయిగూడ అన్నాడొకడు, మియాపూర్ అన్నాడింకొకడు. మూడు ఆదివారాలు రెండు వైపులా తిరిగారు. సెంట్రింగు కొట్టే ప్రతి బిల్డింగు దగ్గరా బాలకిషన్ స్కూటరు ఆపాడు. ఒక్కసారి కూడా ఇక చాలనలేదు.

క్యాంపు ఈ నెలాఖరు దాకా ఉంది. దాసయ్య ఉత్తరం ఉదయశ్రీ సంచీలోనే ఉంది. ఇది చదివే మీ వీధిలో ఎక్కడైనా కొత్త ఇల్లు లేస్తుంటే, అక్కడ సెంట్రింగు పనిలో దాసయ్య అనే మనిషి ఉన్నాడేమో ఒక్కసారి అడగండి. ఉంటే, చిక్కడపల్లి లైబ్రరీ పక్క సందు, జిరాక్సు షాపు మీద అని చెప్పండి. ఇసుక కుప్ప దగ్గర మూడేళ్ళ ఆడపిల్ల ఆడుకుంటూ ఉంటుంది. పేరేంటని అడిగే నెపంతో కాస్త వంగి, ఆ పిల్ల పెదాల రంగు చూడండి.